రెండు పంచాంగాలు, ఒక యూకేజీ గది: పర్లాకిమిడి నుంచి ప్రాజెక్టు డైరీ

ప్రాజెక్టు ఉద్దేశం

శిశుతరగతుల్లో పండుగ అనగానే ఏం జరుగుతుందో అందరికీ తెలిసిందే. ముందురోజు రాత్రి టీచరు ఇంట్లో కూర్చుని రంగు కాగితాలు కత్తిరిస్తుంది, మర్నాడు పిల్లలు ఆ ముక్కలకు జిగురు రాసి అట్టకు అంటిస్తారు, ఒకే అచ్చులో పోసినట్టున్న వినాయకులు వరసగా గోడకెక్కుతారు, తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుకు ఫోటో వెళుతుంది. అందులో పిల్లల చెయ్యి నిజంగా చేసిన పని జిగురు పూయడం ఒక్కటే. ఈ విద్యాసంవత్సరం మా యూకేజీ గదిలో ఆ పద్ధతిని పక్కన పెట్టి, వచ్చిన ప్రతి పండుగ నుంచీ, మారిన ప్రతి కాలం నుంచీ పిల్లలు తమంతట తాము లెక్కపెట్టగలిగేదో, కొలవగలిగేదో, వేరుచేయగలిగేదో, పరీక్షించి చూడగలిగేదో ఒక పని తీసుకోవాలని నిర్ణయించుకున్నాం. గోడకు పెట్టుకునే బొమ్మ తయారైతే సంతోషమే, కాకపోయినా నష్టం లేదనుకున్నాం.

ఈ ఊరు అందుకు అనువైనది. గజపతి జిల్లా కేంద్రమైన పర్లాకిమిడి 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి ఇటు వచ్చింది. మహేంద్రతనయ నది దాటితే శ్రీకాకుళం జిల్లా పాతపట్నం. మా గదిలో తెలుగిళ్ళ పిల్లలు, ఒడియా ఇళ్ళ పిల్లలు దాదాపు సమానంగా ఉన్నారు, కొండ ఊళ్ళ నుంచి పని మీద పట్నం వచ్చి స్థిరపడిన సవర గిరిజన కుటుంబాల పిల్లలు కొందరున్నారు. పుస్తకంలో ఉన్నవి ఒడియా, ఇంగ్లీషు అక్షరాలు. తెలుగు ఇంటిదాకా, వీధిదాకా. టీచర్లను అందరూ దిదీ అంటారు, ఆయాను మాఉసీ అంటారు. ఒకే పండుగ పక్కపక్క ఇళ్ళల్లో రెండు రకాలుగా జరగడం ఈ పిల్లలకు చిన్నప్పటి నుంచీ అలవాటు. ఆ రెండు రకాలనూ ఒకే బల్ల మీద పెట్టి పోల్చి చూడడమే మా ప్రాజెక్టుకు ఆధారం.

మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలకు నిర్దేశిత పాఠ్యపుస్తకం అక్కర్లేదని, ఆటే చదువని 2022లో వెలువడిన పునాది దశ జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం చెబుతుంది. తల్లిదండ్రులలో చాలామంది మాత్రం నోటుబుక్కు నిండితేనే చదువు జరిగినట్టు లెక్కవేస్తారు. అందుకే పిల్లలు చెప్పిన మాటలు, గీసిన లెక్కలు ఎప్పటికప్పుడు ఒక ఫైలులో పెడుతూ వచ్చాం. ఈ డైరీ ఆ ఫైలు నుంచి తయారైనదే.

మొదటి పని గోడచక్రం. పెద్ద అట్ట మీద పన్నెండు నెలల వలయాలు రెండు, ఒకదాని లోపల ఒకటి: బయటిది తెలుగు నెలలు, లోపలిది ఒడియా నెలలు. తెలుగు నెల అమావాస్యతో ముగుస్తుంది. ఇక్కడి ఒడియా ఇళ్ళల్లో వ్రతాలకు, నోములకు లెక్కించే చాంద్రమానపు నెల పౌర్ణమితో ముగుస్తుంది. కాబట్టి లోపలి వలయాన్ని అర గడి ముందుకు జరిపి మధ్యలో గుండీతో బిగించాం. ఐదేళ్ళ పిల్లకు అమాంతం, పూర్ణిమాంతం అంటూ పాఠం చెప్పవలసిన పని లేదు. రెండు చక్రాలూ ఒకదానికొకటి సరిగ్గా అతకడం లేదని వాళ్ళకు కంటితోనే తెలుస్తుంది, నవంబరులో అదే పనికి వచ్చింది.

జూన్, జూలై

ఒడియా ఇళ్ళల్లో ఉయ్యాలలూగి చేసుకునే రజొ పండుగ వేసవి సెలవుల్లోనే వచ్చి పోయింది. పిల్లలు ఉయ్యాల కబుర్లు, పొడొపిఠా అనే పిండివంట కబుర్లు చెప్పగా విని, చక్రం మీద ఉయ్యాల బొమ్మ అంటించి ఊరుకున్నాం. గడిచిపోయిన పండుగను తరగతిలో మళ్ళీ నటించడం మాకు నచ్చని పని.

రథయాత్ర మాత్రం బడి తెరిచిన వెంటనే దొరికింది. పూరీ రథాలు మూడింటిలో జగన్నాథుడి నందిఘోషకు 16 చక్రాలు, బలభద్రుడి తాళధ్వజానికి 14, సుభద్ర దర్పదళనకు 12. మూడింటి గుడ్డల్లోనూ ఎరుపు ఉంటుంది. దానికి తోడు నందిఘోషకు పసుపు, తాళధ్వజానికి ఆకుపచ్చ, దర్పదళనకు నలుపు. యూకేజీ లెక్కకు ఇంతకన్నా మంచి సరుకు ఎక్కడా దొరకదు. చెప్పుల పెట్టెలు రథాలయ్యాయి, నీళ్ళ సీసాల మూతలు చక్రాలయ్యాయి. పదహారు మూతలు లెక్కపెట్టడం చాలామందికి వచ్చు. వాటిని పెట్టెకు రెండు పక్కలా సమానంగా పంచడమే అసలు పని. కొందరు ఒక పక్క పది, మరో పక్క ఆరు పెట్టి, రథం ఒక వైపు ఒరిగిపోతే ఒక్కో మూతనూ ఇటు నుంచి అటు మారుస్తూ ఎనిమిది, ఎనిమిది దగ్గర ఆగారు. పద్నాలుగుకు ఏడు, ఏడు. పన్నెండుకు ఆరు, ఆరు. పలక మీద కూడిక గుర్తు వేయకుండానే సరిసంఖ్య అంటే ఏమిటో వాళ్ళ చేతికి తెలిసింది.

ఆ తరువాత లాగే పని. మూతకు చిల్లు సరిగ్గా నడిమధ్యన పడకపోతే రథం పైకీ కిందకీ ఎగురుతూ నడుస్తుంది. ఎందుకలా ఎగురుతోందో మేము చెప్పలేదు. పిల్లలు రెండు మూతలను పక్కపక్కన పెట్టి, చిల్లు నుంచి అంచుకు ఎంత దూరముందో వేలితో చూసుకుని, “ఇది పక్కకు పోయింది దిదీ” అని తేల్చారు. ఇరుసుగా చీపురుపుల్ల వంగిపోయింది, వెదురుపుల్ల నిలిచింది. జగన్నాథుడు తిరిగివచ్చే బాహుడా యాత్రనాటికి అన్ని రథాలకూ వెదురే ఇరుసు.

అదే నెలలో వానకొలత కూడా మొదలైంది. గోడలు నిటారుగా ఉన్న పాత హార్లిక్స్ సీసాను ఆరుబయట పెట్టి, వాన కురిసిన మర్నాడు నీళ్ళ ఎత్తుకు సమానంగా ఒక కాగితపు పట్టీ కత్తిరించి గోడచక్రం కింద అంటించడం పని. కింద వెడల్పు, మూతి దగ్గర సన్నం ఉండే సీసా దీనికి పనికిరాదు. అందులో నీటి ఎత్తు వానను సరిగ్గా చూపదు. తొలకరికి బడి వెనక ఖాళీ స్థలంలో ఎర్రటి మఖమలు ముద్దల్లా ఆరుద్ర పురుగులు కనబడ్డాయి. ఒడియా పిల్లలు వాటిని సాధబబోహు అంటారు. భూతద్దంలో కాళ్ళు లెక్కపెడితే ఎనిమిది వచ్చాయి. చీమకు ఆరే కదా అని ఒకడు వాదానికి దిగాడు. చీమను కూడా తెచ్చి చూపించాక, ఇది సాలీడు వైపు చుట్టమని అందరూ ఒప్పుకున్నారు. చూడడం అయ్యాక పురుగులను ఎక్కడ తీశామో అక్కడే వదిలిపెట్టాం.

ఆగస్టు, సెప్టెంబరు

ఒడిశా బడుల్లో వినాయకచవితి బడిపండుగ. విగ్రహం బడిలోనే పెట్టి పిల్లలంతా పూజ చేస్తారు. తెలుగిళ్ళల్లో అదే రోజు ఇరవై ఒక్క రకాల పత్రితో ఇంటిపూజ జరుగుతుంది. మట్టి వినాయకులను చేయించడం మామూలే, చేయించాం. దాని గురించి రాయవలసింది పెద్దగా లేదు. పత్రి మాత్రం అసలైన పాఠం.

బజారులో అమ్మే పత్రి కట్టను నేరుగా పిల్లల ముందు పోయకూడదని ఇది చదివే టీచర్లకు ప్రత్యేకంగా చెప్పాలి. ఇరవై ఒకటిలో ఉమ్మెత్త, గన్నేరు, జిల్లేడు కూడా ఉంటాయి. మూడూ విషమే, జిల్లేడు పాలు కంట్లో పడితే ప్రమాదం. వాటిని ముందే తీసేసి, ఫోటోలు మాత్రం చూపించాం. మిగిలినవాటిలో మారేడు, గరిక, తులసి, మామిడి, రావి, రేగు, దానిమ్మ, జమ్మి, మరువం, మాచిపత్రి, ఉత్తరేణి పళ్ళెంలో పెట్టి, “వీటిని గుంపులు చేయండి” అన్నామే తప్ప ఎలా చేయాలో చెప్పలేదు. మొదట అందరూ పెద్దవి, చిన్నవి అని వేరుచేశారు. తరువాత ఒక పాప కళ్ళు మూసుకుని వాసన చూసి తులసి, మరువం, మాచిపత్రి ఒక గుంపు చేసింది. మరొకరు మారేడుకు మూడేసి ఆకులున్నాయని దాన్ని ఒంటరిగా నిలబెట్టారు. కొండ ఊరి నుంచి వచ్చిన సవర పిల్లవాడు, అంతవరకూ గదిలో నోరు విప్పనివాడు, రేగు కొమ్మ వెనకవైపు తిప్పి వంకర ముల్లు చూపించి, గుచ్చుకోకుండా ఎలా పట్టుకోవాలో అందరికీ నేర్పాడు. ఆ రోజు తరువాత వాడి పక్కన కూర్చోవడానికి పోటీ మొదలైంది. ఆకును కాగితం కింద పెట్టి క్రేయాన్‌తో రుద్దితే ఈనెలు తేలతాయి. రావి ఆకు మొన తోకలా సాగడం అలా రుద్దితేనే స్పష్టంగా కనబడింది.

ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవం. గిడుగు రామమూర్తి గారు ఈ ఊళ్ళోనే ఉపాధ్యాయుడిగా ఉండి, సవరల మాట నేర్చుకుని, వాళ్ళ పిల్లల చదువు కోసం పాటుపడ్డవారు. ఆ రోజు మా గదిలో జరిగిందల్లా, పొద్దుటి పలకరింపులు మూడు భాషల్లో చెప్పుకోవడం. యూకేజీకి అంతకన్నా ఉపన్యాసం అక్కర్లేదు.

అక్టోబరు

దసరా సెలవులు పోగా మిగిలింది తక్కువ రోజులే. బొమ్మల కొలువు మెట్ల మీద బొమ్మలను ఎత్తు ప్రకారం పేర్చడం ఒక పూట ఆటగా సరిపోయింది.

దీపావళికి ఇంటి పెద్దలను అడిగి రమ్మని రెండు ప్రశ్నలు ఇచ్చి పంపాం: ఆ సాయంత్రం మీ ఇంట్లో ఏది వెలిగిస్తారు, వెలిగించి ఏమంటారు? తెలుగు పిల్లలు గోగుకాడకు గుడ్డ ఒత్తి కట్టి తిప్పుతూ “దిబ్బు దిబ్బు దీపావళి, మళ్ళీ వచ్చే నాగుల చవితి” అంటామని చెప్పారు. ఒడియా పిల్లలు కాఉరియా కాఠి అనే ఎండు నారకాడలు వెలిగించి “బడబడుఆ హో” అంటూ పితృదేవతలను పిలుస్తామని, చీకట్లో వచ్చి వెలుగులో వెళ్ళమని అడుగుతామని చెప్పారు. రెండు కాడలూ తెప్పించి బల్ల మీద పెట్టాం. అంటించలేదు, ఈ వయసు పిల్లల గదిలో నిప్పు పని టీచరు ఒక్కరే, అదీ ఒక్క ప్రమిదతోనే చేయాలని మా నియమం. విరిచి చూస్తే రెండింటి లోపలా తేలికైన బెండు, పైన నార. ఎందుకు త్వరగా అంటుకుంటాయని అడిగితే, లోపల ఖాళీగా, ఎండిపోయి ఉన్నాయి కనుక అని జవాబు వచ్చింది.

ఈ నెల వాన పట్టీలు పొడుగయ్యాయి. అక్టోబరు అంటే ఈ ప్రాంతం వాళ్ళకు తుఫాను కూడా గుర్తొస్తుంది. 2018 అక్టోబరు 11న తీరం దాటిన తిత్లీ గజపతి జిల్లా కొండల్లో ఎంత నష్టం చేసిందో ఇళ్ళల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. పిల్లలకు భయం కథగా కాకుండా, తుఫాను సెలవు ఇచ్చిన రోజు సంచిలో ఏమేం ఉండాలో ఆటగా సర్దించాం: టార్చి, నీళ్ళ సీసా, అటుకులు, పొడి బట్టలు. టెడ్డీ బొమ్మ కూడా ఉండాలని పిల్లలు పట్టుబట్టారు. వాళ్ళ వాదనలో న్యాయం ఉంది కనుక చేర్చాం.

నవంబరు

ఏడాది మొత్తానికి ఎక్కువ పని జరిగిన నెల ఇది. కార్తీక పౌర్ణమి తెల్లవారుజామున ఒడిశా అంతటా బొయిత బందాణ. పూర్వం ఈ తీరం నుంచి బాలి, జావా, సుమత్రా దాకా ఓడల్లో వర్తకానికి వెళ్ళిన సాధబులను తలచుకుంటూ అరటి దొప్ప పడవలు, కాగితపు పడవలు నీటిలో వదులుతారు. ఓడలు అప్పుడే బయలుదేరడానికి కారణం గాలి. కార్తీకం వచ్చేసరికి ఈశాన్యపు గాలి స్థిరపడి తెరచాపలను దక్షిణం వైపు నెడుతుంది. జూన్ నుంచి మేడ మీద కట్టి ఉంచిన గుడ్డ పట్టీ అప్పుడు బజారు వైపు ఎగిరేది, ఇప్పుడు ఎక్కువ రోజులు గుడి వైపు ఎగురుతోందని పిల్లలు ముందే గమనించారు. కాబట్టి కథ చెప్పినప్పుడు నమ్మడానికి వాళ్ళ చేతిలో సాక్ష్యం ఉంది.

బడి పెరట్లో పెద్ద టబ్బులో నీళ్ళు నింపి నాలుగు రకాల పడవలు పెట్టాం: అరటి దొప్ప, మామూలు కాగితపు పడవ, కొవ్వొత్తి రుద్దిన కాగితపు పడవ, కొబ్బరి చిప్ప. సరుకు చింతపిక్కలు. ఏ పడవ ఎక్కువ పిక్కలు మోస్తుందో ముందుగా చెప్పి, ఆ పడవ బొమ్మ కింద తమ పేరు చీటీ పెట్టాలి. ఎక్కువ చీటీలు కాగితపు పడవకే పడ్డాయి, అందంగా ఉంది కనుక. మామూలు కాగితం కాసేపటికే అడుగు నానిపోయి కూలబడింది. మైనం రుద్దినది చాలాసేపు నిలిచింది. కొబ్బరి చిప్ప బోలెడు మోసింది గాని గుండ్రంగా తిరుగుతూ ఉండిపోయింది, ముందుకు పోలేదు. అరటి దొప్ప దగ్గరే అసలు గొడవ. పిక్కలన్నీ ఒక కొసన పోసేసరికి అది తలకిందులైంది. తీసి మళ్ళీ పోశారు, మళ్ళీ బోల్తా. చివరకు ఒక పాప పిక్కలను ఒక్కొక్కటిగా రెండు కొసల నుంచీ మధ్యకు సర్దుతూ, దొప్ప అంచు నీటికి సమాంతరంగా వచ్చిందా లేదా అని టబ్బు పక్కన బోర్లా పడుకుని, కన్ను నీటి మట్టానికి ఆనించి చూసి, “మధ్యలో పెడితే పడవ ఒప్పుకుంటోంది దిదీ” అంది. మిగిలినవాళ్ళంతా వరసగా బోర్లా పడుకుని చూశారు. మాఉసీ తడిసిన గౌన్లు పిండుకోవడంతో ఆ పూట గడిచింది.

ఫలితాలను పడవ బొమ్మ పక్కన మోసినన్ని పిక్కల బొమ్మలు గీసి నమోదు చేయించాం. ఇది వాళ్ళకు మొదటి పటలెక్క. తల్లిదండ్రులకు ఫైలులో ఎక్కువ నచ్చిన కాగితం కూడా ఇదే, లెక్కలా కనబడుతుంది కనుక.

రెండు వారాల తరువాత పోలి పాడ్యమి వచ్చింది. తెలుగిళ్ళల్లో ఆ తెల్లవారుజామున అరటి దొప్పల్లో దీపాలు వదులుతారు. ఒక తెలుగు పిల్లవాడు దొప్ప తెచ్చి, ఒత్తి ఎక్కడ పెట్టాలో మాకే పాఠం చెప్పాడు: మధ్యలో. అప్పుడు పిల్లలను గోడచక్రం దగ్గరకు తీసుకెళ్ళాం. ఒడియా వలయంలో కార్తీకం పౌర్ణమితో అయిపోయింది, అక్కడ పడవ. తెలుగు వలయంలో కార్తీకం అమావాస్యతో అయిపోయింది, దాని మర్నాడు దీపం. ఇద్దరూ కార్తీకాన్ని అరటి దొప్పతోనే సాగనంపుతున్నారు, నెల ముగిసే రోజే వేరు. పిల్లలు రెండు గడుల కొసలనూ వేళ్ళతో తడిమి చూసి, మధ్యలో ఎన్ని రోజులున్నాయో క్యాలెండరు మీద లెక్కపెట్టారు. పెద్దవాళ్ళమైన మేము కూడా ఈ సంగతిని ఇంత స్పష్టంగా అంతకు ముందు చూడలేదు.

డిసెంబరు

మార్గశిర గురువారాలు ఇక్కడ లక్ష్మీపూజకు పేరుపడ్డవి. ఒడియా ఇళ్ళల్లో వీటిని మాణబసా గురుబార అంటారు; ఉత్తరాంధ్ర తెలుగిళ్ళల్లోనూ ఇవి లక్ష్మివారాలే. ఒడియా గడపల్లో నానబెట్టి రుబ్బిన బియ్యప్పిండితో ఝోటి వేస్తారు, తెలుగు వాకిళ్ళల్లో ధనుర్మాసమంతా పొడి ముగ్గు. రెండూ వేయించి చూస్తే చేతికి రెండు వేర్వేరు పనులని తెలిసింది. ఝోటికి వేళ్ళను ముద్దలో ముంచి, పిండి వేలికొన నుంచి జారేలా వదలాలి. ముగ్గుకు బొటనవేలు, చూపుడువేలి మధ్య పిండిని ఒత్తి పట్టుకుని సన్నటి ధార వదలాలి; పెన్సిలు పట్టుకు కావలసిన కండరాలకు ఇదే అసలైన కసరత్తు. నోటుబుక్కులో నిలువు గీతలు పేజీలకు పేజీలు గీయించడం కన్నా ఈ పని ఎంతో నయమని మా అభిప్రాయం. తడి ఝోటి వేసినప్పుడు లేతగా ఉండి, ఎండిన కొద్దీ తెల్లబడడం పిల్లలు మళ్ళీ మళ్ళీ వెళ్ళి చూసుకున్నారు.

సవర ఇళ్ళ గోడబొమ్మ ఇడితల్ కూడా నేర్పమని ఒకరు సూచించారు. అది దేవతల కోసం, పద్ధతి ప్రకారం వేసేది. క్రాఫ్టు పీరియడుకు కోసుకుని తెచ్చుకునేది కాదు. ఫోటోలో మనుషులను, ఏనుగులను, చెట్లను వెతికించి ఊరుకున్నాం.

క్రిస్మస్‌కు మా కొండ పిల్లలలో చాలామంది సొంత ఊళ్ళకు వెళతారు. వెళ్ళే ముందు కొబ్బరి ఈనెలు ఐదు కట్టి నక్షత్రం ఎలా చేయాలో వాళ్ళే మిగిలినవాళ్ళకు చూపించారు.

జనవరి

సంక్రాంతికి కొత్త బియ్యం, కొలతలు. మాణబసాలో కొత్త ధాన్యంతో నింపి పూజించే మాణ కొలతపాత్రే. తెలుగు నాన్నమ్మల అటకల మీద ఇత్తడి సోల, తవ్వ, మానిక దొరికాయి. ఒక ఒడియా ఇంటివాళ్ళు పూజలో లేని పాత మాణ ఇచ్చారు. సోలలు రెండైతే తవ్వ, తవ్వలు రెండైతే మానిక. ఈ లెక్క మేము చెప్పలేదు, బియ్యం చెప్పింది. ఒకరు సోలను గుట్టగా నింపి, మరొకరు అంచుకు సమంగా చేత్తో గీసి పోయడంతో లెక్క కుదరక తగవు వచ్చింది. అప్పుడు అంచు మీద స్కేలు జరిపి అందరూ ఒకేలా కొలవాలని వాళ్ళే కట్టుబాటు పెట్టుకున్నారు. మాణకు తవ్వ రెండుసార్లు పోసినా నిండలేదు, ఇంకో సోల పడితేగాని బియ్యం అంచుకు రాలేదు. వేరు ఇంటి కొలత వేరుగా ఉంటుందన్నది ఇక్కడి పిల్లలకు వింత కాదు.

సరస్వతీ పూజకు కొందరు తల్లిదండ్రులు అక్షరాలు ఎప్పుడు మొదలుపెడతారని అడిగారు. ఒడియా వాళ్ళ అక్షరాభ్యాసమైన ఖడిఛుఆలో పిల్లవాడి చేత మొదట గీయించేవి మూడు సున్నాలు, బ్రహ్మ విష్ణు మహేశ్వరుల పేర. తెలుగు అక్షరాభ్యాసంలో పళ్ళెంలో బియ్యం మీద వేలితో రాయిస్తారు. రెండు లిపులూ గుండ్రనివే. సున్నాను ఆగకుండా, మొదలైన చోటే కలిసేలా గీయగలిగిన పిల్లకు రెండూ వస్తాయి. కాబట్టి నెలాఖరు వరకు ఇసుకలో, పిండిలో, గాలిలో సున్నాలే గీయించాం. అడిగిన తల్లిదండ్రులకు అదే చెప్పాం.

మార్చి

ఉగాది పచ్చడిని కలిపి ఇవ్వలేదు. ఆరు రుచులూ ఆరు గిన్నెల్లో విడివిడిగా పెట్టి, ఒక్కోటి నాలుక మీద వేసుకున్నాక ముఖం బొమ్మ గీయమన్నాం. ఉప్పు, తీపి, పులుపు, కారం తేలిక. వేపపువ్వు చేదుకు ముఖాలన్నీ ముడుచుకున్నాయి, ఇద్దరు మాత్రం ఇంకా కావాలన్నారు. వగరు దగ్గర అందరూ ఆగిపోయారు. మామిడి పిందె టెంక దగ్గరి ముక్క నమిలాక ఒక పాప “ఇది రుచి కాదు, నాలుక బిగుసుకుంటోంది” అంది. వగరు పనిని ఇంత సరిగ్గా చెప్పినవాళ్ళను మేము చూడలేదు. చార్టు మీద ఆ మాటే రాసి పెట్టాం.

ఏప్రిల్ నడుమ వచ్చే ఒడియా కొత్త సంవత్సరం పణా సంక్రాంతి కొత్త తరగతి పిల్లలది. మారేడు గుజ్జుతో చేసే పణా అనే పానకంతో పాటు, ఆ నెలంతా ఒడియా ఇళ్ళల్లో తులసి కోట మీద వేలాడదీసే చిల్లు కుండ మా తరువాతి పని. చుక్కలు లెక్కపెట్టడం, కుండ ఎంతసేపట్లో ఖాళీ అవుతుందో చూడడం ఆలోచన. కాల్చిన కుండకు మేకుతో చిల్లు పెడితే పగులుతుందని, పచ్చి మీదే పెట్టాలని కుమ్మరి చెప్పాడు. అందుకని రెండు కుండలకు ముందుగానే చెప్పి ఉంచాం, ఒకటి సన్నచిల్లుతో, మరొకటి కాస్త పెద్దచిల్లుతో.